తాతగారి కాగితాలు, అవ్వగారి మాటలు: ఒక సాధారణ దంపతుల చరిత్రను కూర్చడం ఎలా

మీరు అడిగినది ఇది. మీ తాతగారిది చంద్రగిరి దగ్గరి పల్లె. ఎనిమిదో తరగతి వరకు చదివి, సేద్యం చేసి, నడివయసులో పొలం అమ్ముకొని తిరుపతికి వచ్చి ఒక సత్రంలో గుమాస్తాగా పనిచేసి, కొన్నేళ్ల క్రితం కాలం చేశారు. మీ అవ్వగారిది తిరుత్తణి దగ్గరి పల్లె. ఆమెకు ఎనభై దాటాయి, తిరుపతిలోనే మీ చిన్నాయన ఇంట్లో ఉన్నారు. ఆ ఇంట్లో ఒక రేకుపెట్టె నిండా పాత కాగితాలున్నాయి. ఇద్దరూ మామూలు మనుషులే కదా, వీళ్ల చరిత్రలో రాయడానికి ఏముంటుంది, రాస్తే ఎక్కడినుంచి మొదలుపెట్టాలి అన్నది మీ సందేహం. రెవెన్యూ శాఖలో పనిచేసి చంద్రగిరి, పుత్తూరు ప్రాంతాల పాత రికార్డుల మధ్య చాలా కాలం గడిపినవాడిని. ఉద్యోగ విరమణ తరువాత బంధువులకూ తెలిసినవారికీ ఇటువంటి పనిలో తోడుపడుతున్నవాడిని. అందువల్ల కొంచెం వివరంగానే చెబుతాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. ఆలుమగల చరిత్ర అనగానే అందరూ పెళ్లితో మొదలుపెడతారు, లేదా తాతగారి వంశంతో మొదలుపెట్టి అవ్వగారిని పెళ్లినాడు పీటల మీద కూర్చోబెడతారు. అలా రాస్తే ఆమెకు పుట్టిల్లే లేనట్టు, అంతకుముందు పద్దెనిమిది పందొమ్మిదేళ్లు ఆమె ఎక్కడా బతకనట్టు తయారవుతుంది. ఇద్దరి బాల్యాలను వేరువేరుగా, సమానమైన ఓపికతో రాసిన తరువాతనే పెళ్లి దగ్గరకు రండి. దీనికి సెంటిమెంటు కారణం కాదు. మన వైపు కాగితాలన్నీ మగవాళ్ల పేరున ఉంటాయి. ఆడవాళ్ల సంగతులు వాళ్ల నోట మాత్రమే ఉంటాయి. రేకుపెట్టె ఇంకో పదేళ్లయినా మీకోసం ఆగుతుంది, కావలసినదల్లా నాలుగు కలరా ఉండలు. ఎనభై దాటిన మనిషి జ్ఞాపకానికి ఆ హామీ లేదు కాబట్టి పెట్టెను మూసిపెట్టి, ముందు అవ్వగారి దగ్గర కూర్చోండి.

కూర్చొని "మీ చిన్నతనం గురించి చెప్పండి" అని అడగకండి. ఆ ప్రశ్నకు "ఏముంది నాయనా, కష్టాలు పడినాము" అన్న జవాబు తప్ప మరొకటి రాదు. వస్తువు గురించి, చోటు గురించి, పని గురించి అడగండి. తాగేనీళ్ల బావి ఇంటికి ఎంత దూరం, ఎవరు చేదేవారు, తాడు తెగితే బిందెను ఎవరు తీసేవారు? రాత్రి సంగటి ఎవరు కెలికేవారు, చివర తినేది ఎవరు, చివర తినేవారికి మిగిలేది ఏమిటి? తలదువ్వి జడ వేసింది అమ్మా, అక్కా, జేజా? బడికి పోకుండా ఇంట్లో ఉన్న పిల్ల పొద్దుటినుంచి సాయంత్రం వరకు చేసిన పనులేమిటి? ఇలా అడిగితే ఒక్కో జవాబు వెంట నాలుగు పేర్లు, రెండు పోట్లాటలు, ఒక చావు, ఒక పెళ్లి వాటంతట అవే వస్తాయి.

ఆమె చేతిలో ఏదైనా పని ఉన్న వేళ చూసుకోండి. చలికాలంలో అనపకాయలు వచ్చే రోజులైతే మరీ మంచిది. ముందురోజు రాత్రి నానబెట్టిన అనప గింజలను ముందేసుకొని పితికిపప్పు తీయడం మన ఇళ్లలో గంటల తరబడి సాగే పని. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గింజను నొక్కితే పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది, పొట్టు వేళ్లకు అంటుకొని ఉంటుంది. ఆ పనిలో కళ్లు, చేతులు ఒకచోట ఉంటాయి గనుక నోరు స్వేచ్ఛగా ఉంటుంది. మీరూ ఒక గుప్పెడు తీసుకొని పితకండి. ఫోనును రికార్డింగులో పెట్టిన సంగతి ఆమెకు ముందే చెప్పి, దాన్ని గిన్నె పక్కన పెట్టి మరచిపోండి. ముఖానికి ఎదురుగా ఫోను పట్టుకుంటే పెద్దవాళ్లు పెళ్లి ఫొటోలో నిలబడ్డట్టు బిగుసుకుపోతారు.

తరువాత ఎత్తిరాసేటప్పుడు ఆమె మాటను దిద్దకండి. తిరుత్తణి వైపు తెలుగులో అరవం కలిసి ఉంటుంది, నెలలను ఆడి, ఆవణి, పెరటాసి, తై అంటారు. వాటిని శ్రావణమనీ భాద్రపదమనీ మార్చితే రెండు నష్టాలు. ఒకటి, ఆమె గొంతు పోతుంది. రెండోది, తేదీ తప్పుతుంది. ఆవణి సౌరమాసం, సుమారుగా ఆగస్టు నడిమినుంచి సెప్టెంబరు నడిమి వరకు ఉంటుంది. మన చాంద్రమాసాలతో అది సరిగ్గా అతకదు. ఇంకొక సంగతి, ఆమె మీ తాతగారి పేరు నోటితో చెప్పరు. "మీ తాత", "ఆయన", మీ పెదనాన్న పేరు చెప్పి "వాళ్ల నాయన" అంటారు. రాతలో కూడా దాన్ని అలాగే ఉంచండి. ఆ తరం కాపురం ఎలాంటిదో మీ వ్యాఖ్యానం లేకుండానే చదివేవారికి అర్థమవుతుంది.

ఇక ఆమె పుట్టిన ఊరి సంగతి. మీ ప్రశ్నలో మీరు గమనించకుండా దాటిపోయిన విషయం ఇదే అనుకుంటాను. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. అంతకుముందు చంద్రగిరి ఉత్తర ఆర్కాటు జిల్లాలో భాగం. తిరుత్తణి చాలాకాలం ఈ చిత్తూరు జిల్లాలోనే ఒక తాలూకా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు జిల్లాతోపాటు ఆ తాలూకా ఆంధ్రలోకి వచ్చింది. ఆపైన సరిహద్దుల తగాదా తేల్చడానికి పటాస్కర్‌ను నియమించారు. ఆయన సిఫారసుల మేరకు చేసిన చట్టం 1960 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చి, తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, బదులుగా సత్యవేడు ప్రాంతం మనకు వచ్చింది. ఇప్పుడు మీ అవ్వగారి వైపునుంచి చూడండి. ఆమె మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టి, పదకొండో ఏట ఆంధ్ర రాష్ట్రంలో, పద్నాలుగో ఏట ఆంధ్రప్రదేశ్‌లో, పద్దెనిమిదో ఏట మళ్లీ మద్రాసు రాష్ట్రంలో ఉన్నారు; ఇదంతా జరిగినంత కాలం ఆమె ఇల్లు కదలలేదు. ఆ మరుసటి సంవత్సరం పెళ్లయి చంద్రగిరి వచ్చినప్పుడు మాత్రం నిజంగా రాష్ట్రం దాటారు. సరిహద్దు మారిన ఆ రోజుల్లో వాళ్ల ఊరి బడిలో, బస్సు బోర్డు మీద, తాలూకా కచేరీలో ఏమి మారిందో, వాళ్ల నాయన ఏమన్నారో తప్పకుండా అడగండి. చరిత్ర పుస్తకాల్లో ఆ సరిహద్దు ఉద్యమం నాయకుల పేర్లతో ఉంటుంది గాని, పెళ్లీడుకు వచ్చిన ఒక పిల్లకు సంబంధం ఏ వైపు చూడాలా అని ఇంట్లో జరిగిన చర్చ ఎక్కడా ఉండదు.

దీనివల్ల ఒక ఆచరణాత్మకమైన చిక్కు కూడా ఉంది. ఆమె పుట్టింటివారి భూమి రికార్డులకు, బడి రిజిస్టరుకు చిత్తూరు చుట్టూ తిరిగితే ప్రయోజనం ఉండదు. తిరుత్తణి తాలూకా 1960 తరువాత చెంగల్పట్టు జిల్లాలో ఉండి, 1997లో తిరువళ్లూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లింది. కాబట్టి విచారణ తిరుత్తణిలోనే మొదలుపెట్టాలి. తాతగారి ఊరికి వస్తే, 1985లో తాలూకాలు, వాటిలోని చిన్న విభాగాలైన ఫిర్కాలు పోయి మండలాలు వచ్చాయి, 2022 ఏప్రిల్ 4న చంద్రగిరి కొత్త తిరుపతి జిల్లాలో చేరింది. ఒకే ఇంటికి కాలాన్ని బట్టి వేరువేరు చిరునామాలు ఉంటాయన్నమాట. ఒక తెల్లకాగితం మీద సంవత్సరాల వారీగా ఇద్దరి ఊళ్లూ ఏ తాలూకా, ఏ జిల్లా, ఏ రాష్ట్రంలో ఉన్నాయో రాసి గోడకు అతికించుకోండి. ఏ కాగితం ఏ కార్యాలయంలో వెతకాలన్న ప్రశ్న వచ్చిన ప్రతిసారీ అది అక్కరకు వస్తుంది.

వయసు విషయం. మీ అవ్వగారి ఆధార్‌లో 1945 జనవరి 1 అని ఉందనీ, ఆమె మాత్రం చిత్రభాను సంవత్సరంలో పుట్టానంటున్నారనీ రాశారు. ఈ రెండింటిలో నేను ఆమె మాటకే ఓటు వేస్తాను. ఆధార్‌లో జనవరి 1 కనబడితే, నమోదు చేసే చోట వయసు ఉజ్జాయింపుగా చెబితే సంవత్సరం లెక్కకట్టి ఆ తేదీ వేశారని అర్థం చేసుకోవచ్చు. తాతగారి సర్టిఫికెట్‌లో ఉన్న జూలై 1 కూడా అటువంటిదే. బడిలో చేర్చుకొనేటప్పుడు అయ్యవార్లు పెట్టిన పుట్టినరోజు అది. మన జిల్లాలో జూలై ఒకటిన పుట్టినంతమంది మరే రోజునా పుట్టి ఉండరు. సంవత్సరం పేరు అలా కాదు, అది తల్లి నోటినుంచి పిల్లకు వచ్చింది. చిత్రభాను అంటే 1942 ఉగాదినుంచి 1943 ఉగాది వరకు. అరవై ఏళ్లకు ఒకసారి అదే పేరు తిరిగివస్తుంది గనుక ముత్తాతల దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. ప్లవ అంటే 1961 కావచ్చు, 1901 కావచ్చు.

ఇంకా రూఢి చేసుకోవాలంటే అందరికీ తెలిసిన సంఘటనలను గుంజలుగా పాతుకొని వాటికి ఆమె జ్ఞాపకాలను కట్టండి. 1948 జనవరిలో గాంధీగారు పోయిన వార్త ఆమెకు సొంతంగా గుర్తుందా? ఆరో ఏడు నడుస్తున్న పిల్లకు గుర్తుండవచ్చు, మూడేళ్ల పిల్లకు ఉండదు. 1950ల మొదట్లో రాయలసీమలో వచ్చిన కరువులో గంజి కేంద్రాలు పెట్టారు. వాళ్ల ఊరిదాకా ఆ మాట వచ్చిందా, అప్పటికి ఆమె తమ్ముడు పుట్టాడా? 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చినప్పుడు అణాలను పైసల్లోకి లెక్కకట్టింది ఇంట్లో ఎవరు? అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల వరుస, ఒకరికొకరికి ఎడం ఎంత అన్నది తెలిస్తే తేదీలు వాటంతట అవే సర్దుకుంటాయి. ఒకవేళ పెళ్లినాటి వయసు చిన్నదిగా తేలినా కంగారుపడి దిద్దవద్దు. 1978 సవరణ దాకా ఆడపిల్ల పెళ్లికి చట్టం చెప్పిన కనీస వయసు 15 మాత్రమే.

ఇప్పుడు రేకుపెట్టె తెరవండి. శిస్తు రసీదులు, క్రయపత్రాలు, తీరిపోయిన ప్రోనోట్లు, చెరకు తోలిన చీటీలు, బ్యాంకులో నగలు కుదువపెట్టిన కాగితాలు, పాత రేషను కార్డులు దొరుకుతాయి. దొరికిన వరుసలోనే ముందు ఫొటోలు తీసుకోండి. ఎవరు ఏ కట్టలో ఏది పెట్టారన్నది కూడా సమాచారమే, మీరు తేదీల వారీగా సర్దగానే అది పోతుంది. రసీదుల మీద సంవత్సరం ఫసలీలో, అంటే శిస్తు లెక్కల సంవత్సరంలో ఉంటుంది. దానికి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, ఫసలీ జూలైలో మొదలవుతుంది. అంటే 1370 ఫసలీ 1960 జూలైనుంచి 1961 జూన్ వరకు, మీ అవ్వగారు కాపురానికి రావడానికి ముందటి సంవత్సరం. ఆ ఏటి శిస్తు ఎవరి పేరున కట్టారు? ముత్తాతగారి పేరునా, తాతగారి పేరునా? ఆ ఒక్క రసీదుతో ఆమె ఉమ్మడి కుటుంబంలోకి వచ్చారా, వేరుపడిన ఇంటికి వచ్చారా అన్నది తేలిపోవచ్చు.

క్రయపత్రాన్ని మాత్రం తీరికగా చదవండి. "చంద్రగిరి తాలూకా ఫలానా గ్రామ కాపురస్తుడు, ఫలానావారి కుమారుడు, సేద్యము" అని మొదలయ్యే ఆ రెండు పంక్తులలో తండ్రి పేరు, ఊరు, వృత్తి ఉంటాయి. చెక్కుబందిలో, అంటే హద్దుల వివరంలో, తూర్పున ఎవరి భూమి, పడమట ఎవరిది, వంక ఎటు, బాట ఎటు అన్నది ఉంటుంది. అక్కడున్న పేర్లు మీ తాతగారు పొద్దున లేస్తే మాట్లాడిన మనుషులవి, నీళ్ల వంతు దగ్గర పోట్లాడిన మనుషులవి కూడా. సాక్షుల పేర్లలో తరచుగా మేనమామలు, బావమరుదులు ఉంటారు. చివర చేవ్రాలు ఉందా, వేలిముద్ర ఉందా చూడండి. ఒకే మనిషి పాత పత్రంలో వేలిముద్ర వేసి, పదేళ్ల తరువాతి పత్రంలో వంకర అక్షరాలతో సంతకం పెట్టి ఉంటే, మధ్యలో ఎవరో పలక పట్టించారన్నమాట. ఆ ఎవరో ఇంటికోడలు కావడం నేను చూశాను.

అమ్మకానికి పత్రంలో రాసిన కారణాన్ని మాత్రం తూచి నమ్మండి. "కుటుంబ అవసరముల నిమిత్తము", "కుమార్తె వివాహ ఖర్చుల నిమిత్తము" అన్నవి దస్తావేజు రాసేవారు అలవాటుగా రాసే మాటలు. పొలం అప్పుల వల్ల పోయిందని మీ పెదనాన్న అంటున్నారనీ, అన్నదమ్ముల తగాదా వల్ల పోయిందని అవ్వగారు అంటున్నారనీ రాశారు. పత్రం మూడో మాట చెప్పినా ఆశ్చర్యం లేదు. తేదీకి, సొమ్ముకు, కొన్నవారి పేరుకు పత్రాన్ని పట్టుకోండి. కారణానికి ఇద్దరి మాటలూ ఎవరివి వారి పేరుతో పక్కపక్కన రాయండి. తీర్పు చెప్పవలసిన అవసరం మీకు లేదు. నిజానికి అప్పూ తగాదా ఒకే ఇంట్లో ఒకే ఏడాది ఉండడం మన పల్లెల్లో అరుదేమీ కాదు.

పెట్టెలో లేని పత్రాల కోసం సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో దరఖాస్తు పెట్టి నకలు తీసుకోవచ్చు. ఆస్తి లావాదేవీల వివరం చూపే ఆన్‌లైన్ ఈసీ 1980ల కంటె వెనక్కు పోదు. అంతకు ముందువాటికి చేతిరాత సూచికలను వెతకాలి. వాటిలో ఒకటి మనుషుల పేర్ల వారీగా, ఇంకొకటి ఆస్తి వారీగా ఉంటుంది. ఊరి పేరు, సుమారు సంవత్సరం చేతిలో ఉంటే వెతికేవారికి పని తేలిక. ఊరి లెక్కలన్నీ ఒకప్పుడు కరణం దగ్గర ఉండేవి. 1984 జనవరిలో ఆ పదవులను రద్దుచేసినప్పుడు రికార్డులు తాలూకా కచేరీలకు చేరాయి. చేరవలసినవన్నీ చేరాయని నేను చెప్పను. ఊళ్లో పాత కరణంగారి వారసులు ఉంటే ఒకసారి మర్యాదగా వెళ్లి కలవండి. కాగితం లేకపోయినా ఏ సర్వే నంబరు ఎవరిదో వాళ్లకు నోటికి వచ్చి ఉంటుంది.

ఈ కాగితాలలో ఆడవాళ్లు ఎక్కడ కనబడతారో చెబుతాను. భర్త పోయి పిల్లలు మైనర్లుగా ఉన్నప్పుడు గార్డియనుగా, పసుపుకుంకుమల కింద పుట్టింటివారు భూమి రాసిచ్చినప్పుడు, 1985 తరువాత హక్కు విడుదల పత్రాలలో. ఆ ఏడాది సెప్టెంబరు 5నుంచి మన రాష్ట్రంలో, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా వచ్చింది. ఆపైన అన్నదమ్ములు భాగాలు పంచుకున్నప్పుడల్లా అక్కచెల్లెళ్ల చేత కూడా సంతకం పెట్టించుకోవడం ఎక్కువైంది. వాటా ఇచ్చారా, చీర పెట్టి సంతకం తీసుకున్నారా అన్నది వేరే కథ. మీ మేనత్తల పేర్లు మొదటిసారి స్టాంపు కాగితం మీదికి ఎక్కింది అక్కడే కావచ్చు.

బడి రిజిస్టరు గురించి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. ఊరి ఎలిమెంటరీ స్కూలు అడ్మిషన్ రిజిస్టరులో చేరిన తేదీ, తండ్రి పేరు, వృత్తి, బడి మానిన తేదీ ఉంటాయి. హెడ్మాస్టరుగారిని కలిసి, ఎందుకో చెప్పి అడిగితే సాధారణంగా చూపిస్తారు. ఆనాటి పాత ఎనిమిదో తరగతి పబ్లిక్ పరీక్షను ఈఎస్ఎల్‌సీ అనేవారు. ఆ సర్టిఫికెట్ మీ పెట్టెలోనే ఉండాలి. పాత జనన రిజిస్టర్లలో చాలాచోట్ల పేరు ఉండదు, తండ్రి పేరు రాసి "ఆడ శిశువు" అని మాత్రమే ఉంటుంది. జనాభా లెక్కల్లో మనుషుల వారీ వివరాలు చట్టప్రకారం ఎవరికీ ఇవ్వరు, ఆ దారి వెతకవద్దు.

రెండు బాల్యాలూ ఒక కొలిక్కి వచ్చాక పెళ్లికి రండి. శుభలేఖ దొరికితే అదృష్టం. సంవత్సరం, మాసం, తిథి, ఇంగ్లీషు తేదీ అన్నీ ఒకేచోట ఉంటాయి, "మా ద్వితీయ పుత్రిక" అన్న ఒక్క మాట ఆమె ఎన్నో సంతానమో చెబుతుంది. అచ్చు వేయించే స్తోమత లేనివారు పోస్టుకార్డు మూలలకు పసుపు రాసి పంపేవారు గనుక శుభలేఖే ఉండకపోవచ్చు కూడా. దానికంటె విలువైనది చదివింపుల పుస్తకం. మీ పెట్టెలో పొడుగాటి పద్దు పుస్తకం ఒకటి ఉందనీ, అందులో పేర్లూ డబ్బులూ తప్ప ఏమీ లేవనీ రాశారు. నా అనుమానం అది ఇదేనని. ఒక పంక్తికి ఒక మనిషి: ముందు ఊరు, తరువాత పేరు, చివర రెండు రూపాయలు, ఐదు రూపాయలు, ఇత్తడి చెంబు, రవికగుడ్డ. తిరిగి వాళ్లింట్లో శుభకార్యం జరిగినప్పుడు అంతకు తగ్గకుండా చదివించాలి కాబట్టి ఆ లెక్క భద్రంగా దాచుకొనేవారు. మీరు దాన్ని ఊళ్ల వారీగా విడదీయండి. ఏ ఊరినుంచి ఎంతమంది వచ్చారో తెలిస్తే 1961 నాటి మీ కుటుంబ చుట్టరికం అంతా పటంలా పరుచుకుంటుంది. ఇప్పుడు మీకు పేరైనా తెలియని ఊళ్లు రెండో మూడో అందులో తప్పక ఉంటాయి. ఆ ఊళ్ల పేర్లు అవ్వగారి ముందు చదవండి, మిగతాది ఆమె చూసుకుంటారు.

ఆ రోజు ప్రయాణం గురించి కూడా అడగండి. తిరుత్తణి అరక్కోణం–రేణిగుంట పెద్ద లైను మీద ఉంది, చంద్రగిరి మీదుగా పాకాల, కాట్పాడి పోయేది ఆ రోజుల్లో మీటరుగేజి లైను. కొత్త పెళ్లికూతురు రైలులో వచ్చి ఉంటే మధ్యలో బండి మారక తప్పదు. సారె సామాను మోసింది ఎవరు, తోడుపెళ్లికూతురుగా వచ్చింది ఎవరు, చంద్రగిరిలో దిగాక పల్లెకు ఎద్దులబండా, నడకా?

కాపురం భాగంలో చాలామంది ఉద్యోగం, ఇల్లు కట్టడం, పిల్లల పెళ్లిళ్లు అని తేదీల పట్టిక వేసి ముగిస్తారు. అది బయోడేటా అవుతుంది గాని బతుకు కాదు. ఒక మామూలు రోజును పట్టుకోండి. వేరుశనగ విత్తనానికి కాయలు వలిచే రోజుల్లో వాకిట్లో ఎవరెవరు కూర్చునేవారు, కూలి ఎంత, శేర్లలో కొలిచేవారా? వలుస్తూ పిల్లలు ఎన్ని గింజలు తినేశారో ఎవరు లెక్కపెట్టేవారు? వాన పడకపోతే ఆ విత్తనమే ఊరిబిండి పచ్చడి అయిపోయిన ఏడాది ఏది? తిరుపతికి వచ్చాక మొదట అద్దెకున్న గది ఏ వీధిలో, నీళ్లు ఎక్కడ పట్టేవారు, ఇంటిజాగా ఎన్ని అంకణాలు కొన్నారు? తిరుపతిలో అంకణం 36 చదరపు అడుగులు. నెల్లూరు లెక్క వేరు, అక్కడిది దీనికి రెట్టింపు. కాబట్టి పత్రంలోని కొలతను రాసేటప్పుడు చదరపు అడుగులు కూడా వేయండి. 1954లో విశ్వవిద్యాలయం రావడం, కొండకు వచ్చే యాత్రికులు ఏటేటా పెరగడం వల్ల చుట్టుపక్కల పల్లెల మనుషులకు తిరుపతిలో ఏదో ఒక పని దొరికేది. మీ తాతగారి సత్రం కొలువు ఆ పెద్ద కథలో ఒక చిన్న పంక్తి. అక్కడ ఆయన రాసిన గదుల లెక్క, అర్ధరాత్రి తలుపు తట్టిన యాత్రికులు, రద్దీ రోజుల్లో ఇంటికి రాని రాత్రులు, ఇవన్నీ మీ చిన్నాయనకు గుర్తుంటాయి.

ఇద్దరి బాల్యాలూ ఒక ఇంట్లో ఎలా కలిశాయో పండుగల దగ్గర బాగా కనబడుతుంది. తాతగారి వైపు పెరటాసి శనివారాలు, తిరుపతి గంగమ్మ జాతరలో పిల్లలకు బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం కట్టించే మొక్కులు ఉంటాయి. అవ్వగారి వైపు ఆడికృత్తికకు తిరుత్తణి కొండకు కావడి ఉంటుంది. పెళ్లయ్యాక ఆమె ఆ కావడికి ఏటా వెళ్లగలిగారా? వెళ్లకపోతే ఎవరు వద్దన్నారు, డబ్బా, అత్తగారా, పిల్లలా? ఈ ప్రశ్నకు వచ్చే జవాబు ఒక అధ్యాయానికి సరిపోతుంది. వంటలోనూ అంతే. పుట్టింటి పులుసు అత్తింటికి ఎన్నేళ్లకు ఒప్పుదల అయిందో అడిగి చూడండి.

పోయిన బిడ్డల గురించి ఒక హెచ్చరిక. ఆ తరం కాన్పులు ఎక్కువభాగం ఇంట్లో మంత్రసాని చేతుల మీద జరిగాయి. కష్టమైతే వేలూరు ఆసుపత్రికి పరుగెత్తేవారు. పేరు పెట్టకముందే పోయిన పిల్లలు ఏ కాగితంలోనూ ఉండరు. మీరుగా అడగకండి. సంతానం వరుస చెప్పేటప్పుడు ఎడం ఎక్కువగా కనబడి, ఆమె అక్కడ ఆగితే, మీరూ ఆగండి. చెబితే వినండి, రాయాలా వద్దా అన్నది ఆమెనే అడగండి.

వంశానికి లేని గొప్పలు అతికించే ప్రయత్నం చేయకండి. చంద్రగిరి కోట పక్కనే ఉంది గదా అని ప్రతి కుటుంబమూ రాయలవారి సైన్యంలో దళవాయిల (సేనానుల) సంతతి అయిపోతున్న కాలమిది. మీ ముత్తాత ఎన్ని ఎకరాలు సేద్యం చేశాడో రసీదు చూపించి చెప్పగలిగితే, ఆ మాట ఏ దళవాయి కథకంటెనైనా బరువైనది.

రాసిన దానిని అచ్చుకు ఇవ్వకముందు అవ్వగారికి మొత్తం చదివి వినిపించండి, ఒక్క విడతలో కాదు, రోజుకు కొంచెం కొంచెంగా. ఆమె తీసేయమన్నది తీసేయండి. పొలం తగాదా వివరాలు, సర్వే నంబర్లు, బతికున్నవారి ఆధార్, బ్యాంకు సంగతులు అచ్చు ప్రతిలో వద్దు; అవి విడిగా ఒక నోటుపుస్తకంలో రాసి రేకుపెట్టెలోనే ఉంచండి. ప్రతులు మీ తాతగారి వైపు బంధువులకు మాత్రమే పంచి ఊరుకోవద్దు, తిరుత్తణిలో ఆమె అన్నదమ్ముల పిల్లలకు కూడా పంపండి. అక్కడి చిన్నవాళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో తమిళం చదివినవారు గనుక చాలామందికి మన లిపి రాదు. వారికోసం మీరు పుస్తకాన్ని చదివి రికార్డు చేసి, అవ్వగారు పితికిపప్పు దగ్గర చెప్పిన మాటల రికార్డింగుతోపాటు ఫోనులో పంపితే సరిపోతుంది.